నలుగురు కలిస్తే ఒక విమానం

(మహబూబ్‌నగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఇంజినీరింగ్ విద్యార్థులు, మెకానిక్‌లు, రైతులు కూడిన సభలో ఒక విమాన మెయింటెనెన్స్ ఇంజినీర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఎండలో ఇంత దూరం వచ్చినందుకు ముందుగా థాంక్స్.

సొంత విమానం అనగానే మనకు మంత్రులు, పారిశ్రామికవేత్తలు దిగే తెల్లటి జెట్ గుర్తొస్తుంది. నేను దాని గురించి మాట్లాడటానికి రాలేదు. రెండు సీట్లు, ఒక ఇంజిన్, ముందర ఒక ప్రొపెల్లర్, ఇద్దరు మనుషులు తోస్తే హ్యాంగర్‌లోంచి బయటికి వచ్చే విమానం గురించి మాట్లాడతాను. ఉద్యోగమంతా అలాంటి విమానాల ఇంజిన్లు విప్పి బిగించడంలోనే గడిచింది నాకు. ఇప్పుడు మరో ముగ్గురితో కలిసి అలాంటి విమానంలోనే నాకూ ఒక వాటా ఉంది. నలుగురిలో ఒకాయన స్కూల్ టీచర్, ఒకాయనకు రైస్ మిల్లు, ఒకావిడ డాక్టర్. మాలో కోటీశ్వరులెవరూ లేరు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. చిన్న విమానాన్ని ఒక్కరే కొంటే అది మనిషిని ముంచుతుంది. నలుగురు కలిసి కొని, వారం వారం ఎగిరితే మధ్యతరగతికి అందుతుంది. ఎందుకో లెక్కలతో చెప్తాను.

ముందు విమానం ఎంత చిన్నదో చూద్దాం. సెస్నా 152 తీసుకోండి. మన దేశంలో ఫ్లయింగ్ క్లబ్బుల్లో చదువుకున్న చాలామంది పైలట్లు దీని మీదే నేర్చుకున్నారు. 1977 నుంచి 1985 దాకా తయారైంది, అంటే దీంట్లో ఎంత కొత్తదైనా వయసు నలభై ఏళ్ళ పైమాటే. ఇంజిన్ 110 హార్స్‌పవర్. మనిషి, పెట్రోలు, సామాను అన్నీ కలిపి 757 కిలోలు దాటకూడదు. ఖాళీ విమానమే 500 నుంచి 530 కిలోలు ఉంటుంది. ట్యాంకులు నింపితే వాడుకోగల పెట్రోలు సుమారు 93 లీటర్లు, అది 67 కిలోలు. ఇక మిగిలింది ఎంత? 160 నుంచి 190 కిలోలు. ఈ సభలో ముందు వరసలో కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు ఎక్కితే ఒక్క బ్యాగుకు కూడా చోటుండదు. అప్పుడు ఏం చేయాలి? పెట్రోలు తగ్గించుకోవాలి. పెట్రోలు తగ్గితే దూరం తగ్గుతుంది. ఇక్కడ మొహమాటం పనికిరాదు. మామయ్య ఎక్కుతానన్నా కాంటా మీద నిలబెట్టి బరువు చూశాకే ఎక్కించాలి.

సరే, డబ్బు.

అందరూ అడిగేది కొనుగోలు ధర. పాత సెస్నా 152 అమెరికా మార్కెట్లో ఇక్కడి పెద్ద ఎస్‌యూవీ ధరకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. కానీ అక్కడి నుంచి తెచ్చుకుందామంటే అసలు ధర మీద పన్ను ఉంది. వ్యక్తిగత వాడకానికి కొనే విమానం మీద జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం చేశారు. అంతకుముందు 28 శాతం, దాని మీద సెస్సు. అంటే 50 లక్షల విమానానికి 20 లక్షలు పన్నే. శిక్షణకో, వ్యాపారానికో తెస్తే 5 శాతం. నాకు ఇది న్యాయంగా అనిపించదు. వందల కోట్ల జెట్‌నూ, ఒక టీచర్ వాటా పెట్టుకున్న రెండు సీట్ల విమానాన్నీ ఒకే గాటన కట్టారు. బరువును బట్టి పన్ను వేయాలని అడగాల్సిన సమయం ఇది. అది మారేదాకా చేయగలిగింది ఏమిటంటే, ఇప్పటికే మన దేశంలో రిజిస్టర్ అయి ఉన్న విమానాన్ని వెతుక్కోవడం. తోక మీద వీటీ అనే అక్షరాలుంటాయి చూడండి, అవి ఉన్నది. ఫ్లయింగ్ క్లబ్బులు కొత్తవి కొన్నప్పుడు పాతవి అమ్మకానికి వస్తాయి.

అయితే కొన్న రోజుతో ఖర్చు అయిపోదు. ఏడాదంతా ఉండే ఖర్చు ఒకటి, ఎగిరిన గంటకు అయ్యే ఖర్చు ఒకటి. హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్స్, విమానం ఎగరడానికి పనికొస్తుందో లేదో ఏటా తేల్చే ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ, లైసెన్సున్న ఇంజినీర్ జీతం, ఇవన్నీ విమానం కదిలినా కదలకపోయినా పడేవే. లెక్క కోసం వీటన్నిటికీ ఏడాదికి ఆరు లక్షలనుకుందాం. ఒక్కరే కొని ఏడాదికి 30 గంటలు ఎగిరితే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే గంటకు 20 వేలు పడ్డట్టు. అదే నలుగురు కలిసి మొత్తం 120 గంటలు ఎగిరితే గంటకు 5 వేలు. విమానం అదే, హ్యాంగర్ అదే, ఇంజినీర్ కూడా అదే.

దీని మీద పెట్రోలు. సెస్నా 152 గంటకు 22 నుంచి 25 లీటర్లు తాగుతుంది. ఆ గంటలో 180 నుంచి 190 కిలోమీటర్లు పోతుంది. కారు మైలేజీతో చూస్తే మరీ ఘోరమేం కాదు. ఇంకా ఇంజిన్ ఫండు ఉండాలి. ఈ ఇంజిన్‌ను 2,400 గంటలకు పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేయాలని తయారీదారు చెప్తాడు. ఆ రోజుకు 24 లక్షలు కావాలనుకుంటే, ఎగిరిన ప్రతి గంటకూ వెయ్యి రూపాయలు డబ్బాలో వేస్తూ పోవాలి. ఈ ఫండు పెట్టని వాటాదారుల మధ్య స్నేహాలు చెడిపోవడం నేను దగ్గరుండి చూశాను. ఇంజిన్ మీదికి వచ్చినప్పుడు ఒకరి దగ్గర డబ్బుండదు, ఇంకొకరు నేను తక్కువ ఎగిరానంటారు. అందుకే అన్నీ ముందే కాగితం మీద రాసుకోవాలి. ఏ వారం ఎవరిది, టైరు పగిలితే ఖర్చు ఎవరిది, ఒకరు వాటా అమ్ముకుంటానంటే ధర ఎట్లా కడతారు, ఒకరు చనిపోతే వాళ్ళ ఇంట్లోవాళ్ళకు ఏమివ్వాలి, అన్నీ రాసి ఉండాలి. అన్నదమ్ముల మధ్య బోరుబావి నీళ్ళ వంతులకే ఊళ్ళో పంచాయితీలు అవుతాయి కదా. విమానానికి ఇంకా జాగ్రత్త కావాలి.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన విషయానికి వస్తాను. ఎగరని విమానం పాడైపోతుంది. ఇది డబ్బు సంగతే కాదు, ప్రాణం సంగతి.

సెస్నా 152లో ఉండేది లైకమింగ్ కంపెనీ ఇంజిన్. దాని లోపల వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైన ఉంటుంది, ప్రొపెల్లర్‌ను తిప్పే క్రాంక్‌షాఫ్ట్ కింద. ఇంజిన్ ఆపిన తర్వాత క్యామ్ మీదున్న ఆయిల్ నెమ్మదిగా కిందికి జారిపోతుంది. వారం, పది రోజులు, నెల గడిచేసరికి పైనున్న ఉక్కు దాదాపు పొడిగా మిగులుతుంది. పెట్రోలు మండినప్పుడు పుట్టిన తేమ, ఆమ్లాలు అప్పటికే లోపల ఉంటాయి. వానాకాలంలో బయటి గాలిలోని చెమ్మ కూడా తోడవుతుంది. క్యామ్ మీద కంటికి ఆనని తుప్పు చుక్కలు లేస్తాయి. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు ఆ చుక్కలు దాని మీద తిరిగే ట్యాపెట్‌ను గీకుతాయి. ఆ గీకుడుకు రాలిన ఇనుప రజను ఆయిల్‌లో కలిసి ఇంజినంతా తిరుగుతుంది. ఇంకా వందల గంటల ఆయుష్షు ఉండాల్సిన ఇంజిన్ మధ్యలోనే విప్పాల్సి వస్తుంది.

చాలామంది యజమానులు ఎగరడానికి తీరిక లేక, వారానికోసారి హ్యాంగర్ ముందు పది నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపేస్తారు. మంచి చేస్తున్నామనుకుంటారు. అది ఇంకా చెడు. ఆయిల్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తే కొత్త తేమ లోపలికి చేరుతుంది, ఆవిరై బయటికి పోదు. లైకమింగ్ కంపెనీయే తన సూచనల్లో చెప్తుంది, నేల మీద తిప్పడం ఎగరడానికి బదులు కాదని. ఆయిల్ బాగా కాగేలా ఒక గంటైనా గాలిలో ఉండాలి.

నాకు ఇంజిన్ ఆరోగ్యం తెలిసేది ఆయిల్ ఫిల్టర్‌లో. ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్‌ను పారేయను. డబ్బాను చుట్టూ కోసి, లోపలి మడతల కాగితాన్ని బయటికి తీసి, ఆయిల్ పిండేసి, తెల్లటి గుడ్డ మీద ఎండలో పరుస్తాను. ఒక్కో మడతా వేళ్ళతో విప్పుతూ పోతాను. నల్లటి మసి ఉంటే ఫర్వాలేదు, అది మామూలే. సన్నటి మెరుపు కనబడితే అయస్కాంతం తెచ్చి దగ్గర పెడతాను. అంటుకుంటే ఇనుము. ఎక్కడో ఉక్కు ఉక్కును తింటోందన్నమాట. అంటుకోకపోతే అల్యూమినియమో, బేరింగు లోహమో, అది ఇంకో దారి. బియ్యపు నూకలో పదోవంతు ముక్క చూసి నేను విమానాన్ని నిలబెట్టిన రోజులున్నాయి. యజమాని ముఖం మాడిపోయేది. అయినా నిలబెట్టేవాడిని. కొనేటప్పుడు రంగు చూడకండి, సీట్లు చూడకండి. లాగ్‌బుక్కు అడగండి. గడిచిన రెండేళ్ళలో ఎన్ని గంటలు ఎగిరిందో, మధ్యలో ఎన్ని నెలలు ఖాళీగా నిలబడిందో చూడండి. ఫిల్టర్ కోసి చూపించమనండి. నలభై ఏళ్ళ విమానమైనా క్రమంగా ఎగురుతూ ఉంటే, పదేళ్ళదై దుమ్ముపట్టి నిలబడ్డ దానికంటే మేలు.

అందుకే నలుగురు అంటున్నాను. నాలుగు జతల చేతులుంటే విమానం నిలబడదు.

ఇప్పుడు మన నేల గురించి మాట్లాడాలి. పాలమూరు మీద ఎగరడానికీ, సముద్రం ఒడ్డున ఎగరడానికీ చాలా తేడా ఉంది. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం ఎండ 42 డిగ్రీలుంటుంది. వేడి గాలి పలచబడుతుంది. లెక్కవేస్తే, ఆ మధ్యాహ్నం ఇక్కడ నేల మీద నిలబడ్డ విమానానికి గాలి 5,200 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచగా ఉంటుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు ఊపిరి తగ్గుతుంది. మూడూ ఒకేసారి. సెస్నా 152 సముద్రమట్టం దగ్గర, చల్లటి గాలిలో, 725 అడుగుల పరుగుతో నేల విడుస్తుందని దాని పుస్తకంలో ఉంటుంది. 50 అడుగుల చెట్టును దాటాలంటే మొత్తం 1,340 అడుగులు. ఇక్కడ మే మధ్యాహ్నం ఆ అంకెలు నమ్ముకుని బయల్దేరితే రన్‌వే చివర వేపచెట్టు ఎదురొస్తుంది. మనవాళ్ళు ఎండాకాలం పొలం పనులు తెల్లవారుజామునే చేసుకుంటారు. విమానానికీ అదే వేళ. పొద్దున ఆరు నుంచి తొమ్మిది. ఆ తర్వాత గుట్టల బండరాయి వేడెక్కి గాలి కిందికీ మీదికీ తన్నుకుంటుంది, కొత్తవాళ్ళకు కడుపులో తిప్పుతుంది.

వానాకాలంలో ఇంకో ప్రమాదం ఉంది, చెప్తే మొదట ఎవరూ నమ్మరు. బయట 25 డిగ్రీలున్నా, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ లోపల మంచు గడ్డకడుతుంది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, సన్నటి గొట్టంలో గాలి పీడనం పడిపోయి ఇంకా చల్లబడుతుంది. గాలిలో చెమ్మ బాగా ఉంటే ఆ చెమ్మే గడ్డకట్టి గొట్టాన్ని మూసేస్తుంది. ఇంజిన్ చప్పుడు మెల్లగా తగ్గుతుంది. అందుకే కాక్‌పిట్‌లో కార్బ్యురేటర్ హీట్ అని ఒక నాబ్ ఉంటుంది, లాగితే వేడి గాలి లోపలికి వెళ్తుంది. లాగిన వెంటనే ఇంజిన్ ఇంకా గరగరలాడుతుంది, ఎందుకంటే కరిగిన నీళ్ళు మింగుతోంది. అప్పుడు భయపడి నాబ్ మళ్ళీ లోపలికి తోయకూడదు. ఆగాలి. ఆగస్టులో జూరాల నిండి, ఆకాశం మబ్బుపట్టి, ఎగరడానికి హాయిగా ఉన్న రోజునే ఇది వస్తుంది.

పెట్రోలు సంగతి. ఇంత చిన్న విమానంలో బంకు పెట్రోలు పోయొచ్చు కదా అని మీలో కొందరు మెకానిక్‌లు టీ దగ్గర అడిగారు. పాత సెస్నాలకు ఏవ్‌గ్యాస్ అనే నీలం రంగు పెట్రోలు కావాలి. ఒకప్పుడు దీన్ని బయటి దేశాల నుంచే తెచ్చేవాళ్ళు. 2022 సెప్టెంబర్ నుంచి ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో తయారుచేస్తోంది. కొత్త తరం తేలిక విమానాల్లో రోటాక్స్ 912 అనే ఇంజిన్ ఉంటుంది. అది కారు పెట్రోలుతో నడుస్తుంది, గంటకు ఇరవై లీటర్ల లోపే. కానీ ఆ ఇంజిన్ తయారీదారు పెట్రోలులో 10 శాతం ఇథనాల్ వరకే ఒప్పుకుంటాడు. మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం కలిపినది. ఇథనాల్ గురించి మన దగ్గర కొత్తగా చెప్పక్కర్లేదు, చిత్తనూరు ఇథనాల్ ఫ్యాక్టరీ గొడవ అందరికీ తెలుసు. విమానానికి దానితో వచ్చే కష్టం వేరే. అది నీటిని లాగుతుంది, రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. ఎంత ఇథనాల్ ఉందో చూడటానికి గీతలున్న గాజు గొట్టం చాలు. కొంచెం నీళ్ళు పోసి గీత గుర్తుపెట్టుకోండి. మీద పెట్రోలు పోసి మూతపెట్టి బాగా ఊపండి. పది నిమిషాలు నిలబెట్టండి. కిందనున్న నీళ్ళ గీత పైకి లేచి ఉంటే ఇథనాల్ నీళ్ళలోకి దిగిందన్నమాట. ఎంత లేస్తే అంత. చౌక అని కళ్ళు మూసుకుని బంకు పెట్రోలు పోయకండి.

ఎగరబోయే ముందు ప్రతిసారీ విమానం చుట్టూ తిరగాలి. రెక్క కింద చిన్న మూత నొక్కి పెట్రోలును గాజు కప్పులోకి పట్టి, వెలుతురుకు ఎత్తి చూడాలి. నీలంగా, తేటగా ఉండాలి. అడుగున నీటి ముత్యాలు కనబడితే మళ్ళీ పట్టాలి, పోయేదాకా పట్టాలి. రెక్క ముందర పెన్నులాంటి చిన్న గొట్టం ఉంటుంది, పిటో ట్యూబ్ అంటారు. వేగం తెలిసేది దాని వల్లే. దానికి కవరు వేయకుండా ఒక్క రోజు వదిలేస్తే మట్టితో గూడు కట్టే కందిరీగ లోపల ఇల్లు కడుతుంది. పరుగు మొదలుపెట్టాక వేగం ముల్లు కదలదు. చీపురుపుల్ల పెట్టి కెలకకూడదు, విప్పి శుభ్రం చేయాలి.

మనం మర్చిపోకూడని సంగతి ఒకటి ఉంది. 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో ఒక సెస్నా 152 కూలిపోయింది. ఒంటరిగా ఎగురుతున్న ట్రైనీ అమ్మాయి చనిపోయింది. ఎవరి తప్పని నేను ఇక్కడ తీర్పు చెప్పను. ఇలాంటి సభల్లో ప్రమాదాల మాట దాటేస్తే అది ఆ అమ్మాయికీ, ఇక్కడున్న పిల్లలకూ అన్యాయం. చిన్న విమానం ప్రమాదం లేనిది కాదు. కిందికి దిగి ఎగిరి చూపించాలనే కోరిక, మబ్బులు చూసి కూడా బయల్దేరడం, పెట్రోలు సరిపోతుందిలే అనుకోవడం, ఇవి మనుషులను చంపుతాయి. మన పొలాల మీద ఇంకోటి, కరెంటు తీగలు. పై నుంచి చూస్తే తీగలు కనబడవు, స్తంభాలే కనబడతాయి. రెండు స్తంభాలు కనబడితే మధ్యలో తీగ ఉన్నట్టే అనుకోవాలి. నల్లమల మీద, అమ్రాబాద్ అడవి మీద ఒకే ఇంజిన్‌తో అడ్డంగా పోకూడదు. ఇంజిన్ ఆగితే దిగడానికి చోటు దొరకదు. చుట్టూ తిరిగి పొలాల మీదుగా పోతే ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు. పట్టనివ్వండి.

పొలాల మీదుగా పోతుంటే దారి కూడా తెలుస్తుంది. జడ్చర్ల నుంచి 44వ నంబరు జాతీయ రహదారి భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లి వంతెన దాకా గీసినట్టుంటుంది. కుడివైపు జూరాల గేట్లు. కాకతీయుల కాలం నుంచి వచ్చిన గొలుసుకట్టు చెరువులు నేల మీద నిలబడితే అర్థం కావు. ఒక చెరువు అలుగు నీళ్ళు ఇంకో చెరువుకు ఎట్లా పోతాయో మూడు వేల అడుగుల నుంచి చూస్తే ఒక్క చూపులో తెలుస్తుంది. ఎక్కడ కాలువ పూడిందో, ఎక్కడ చెరువు శిఖంలో ప్లాట్లు వేశారో అన్నీ కనబడతాయి. ప్రతి ఇరిగేషన్ ఇంజినీర్‌నూ ఒకసారి ఎక్కించుకుని చూపించాలనిపిస్తుంది నాకు.

అయితే ఇదంతా చూడాలంటే నేను ముందు కర్ణాటకకు కారులో పోవాలి. మా విమానం అక్కడి ఎయిర్‌స్ట్రిప్‌లో ఉంటుంది. ఎందుకంటే ఉమ్మడి పాలమూరులో గానీ నల్లగొండలో గానీ మా లాంటివాళ్ళు విమానం పెట్టుకునే చోటు లేదు. నాగార్జునసాగర్ దగ్గర ఉన్న రన్‌వే అవతలి ఒడ్డున, విజయపురి సౌత్‌లో, ఆంధ్ర వైపు ఉంది. దేవరకద్ర దగ్గర గుడిబండలో ఎయిర్‌పోర్టు ప్రతిపాదన ఉంది, రాష్ట్రంలో ఆరు చోట్ల అనుకున్నవాటిలో అదొకటి. వస్తే సంతోషమే. కానీ అందరూ టెర్మినల్ బిల్డింగు, పెద్ద విమానం, హైదరాబాద్‌కు పోటీ, ఇదే మాట్లాడతారు. నేను అడిగేది చాలా చిన్నది. వెయ్యి మీటర్ల గట్టి నేల, గాలి ఎటు వీస్తోందో చూపే ఒక గాలి సంచి, రేకుల షెడ్డు, పశువులు రాకుండా కంచె. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, ఎక్కడ రోడ్డు వేసినా పాలమూరు కూలీ చెమట ఉంటుంది. అలాంటి జిల్లాకు తన నేల మీద ఒక చిన్న రన్‌వే ఎక్కువ కాదు. పాము కరిచినవాడికి మందు తేవడానికీ, వరదొచ్చినప్పుడు పై నుంచి చూడటానికీ, పిల్లలు నేర్చుకోవడానికీ అది పనికొస్తుంది. 1930లలోనే హైదరాబాద్ ఏరో క్లబ్ కోసం బేగంపేటలో ఎయిర్‌పోర్టు వచ్చింది. తొంభై ఏళ్ళ తర్వాత జిల్లాకొకటి అడగడం తప్పా?

చౌక విమానం మన దేశంలో తయారు కాదా అంటే, అయ్యింది. బెంగళూరులోని విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ పుష్పక్ అనే రెండు సీట్ల విమానాన్ని 1958లో ఎగరేసింది. గుడ్డ కప్పిన రెక్కలు, 90 హార్స్‌పవర్ ఇంజిన్. ఫ్లయింగ్ క్లబ్బుల కోసం నూటయాభైకి పైగా చేశారు. తర్వాత నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ హంస చేసింది, 1993లో మొదటిసారి ఎగిరింది. రోటాక్స్ ఇంజిన్‌తో దాని కొత్త రూపం 2021 సెప్టెంబర్‌లో ఎగిరింది. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ అపార్ట్‌మెంట్ మేడ మీద విమానం కట్టాడు. దాని రిజిస్ట్రేషన్ కోసం ఏళ్ళు తిరిగి, 2017లో సాధించాడు. ఇంట్లో కట్టుకునేవాళ్ళకు నా సలహా ఒకటే. మొదటి రివెట్టు కొట్టకముందే, విమానాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏతో ఉత్తరాలు మొదలుపెట్టండి. పూర్తయ్యాక చూపిద్దామనుకోకండి.

ఇక మీ ప్రశ్నలు.

(ఒక విద్యార్థిని: సార్, లైసెన్సుకు ఎంత చదువు కావాలి? యాభై లక్షలు కావాలంటారు కదా?)

ఆ యాభై లక్షల మాట ఉద్యోగం చేసే పైలట్‌ది తల్లీ. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. నేను చెప్పేది ప్రైవేట్ పైలట్ లైసెన్సు. దానికి 40 గంటలు, పదో తరగతి పాసైతే చాలు, 17 ఏళ్ళు నిండాలి. స్టూడెంట్ లైసెన్సు 16కే వస్తుంది. ఎగిరే గంటల్లో ఐదో వంతు కాబట్టి ఖర్చు కూడా దాదాపు అదే లెక్కలో తగ్గుతుంది. డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు, అదొక్కటి గుర్తుంచుకో. ముందు చేయాల్సింది ఫీజు కట్టడం కాదు, డాక్టర్ దగ్గరికి పోవడం. క్లాస్ 2 మెడికల్ చేయించుకుంటే ఎగరగలవో లేదో తేలిపోతుంది. అది కాకముందే లక్షలు కట్టినవాళ్ళు ఉన్నారు.

(ఒక రైతు: సారూ, నాకు పన్నెండు ఎకరాలు ఒకే చెక్క ఉంది. రన్‌వే వేసుకోవచ్చా?)

భూమి మీదైనంత మాత్రాన దిగడానికి కుదరదు పెద్దాయనా. విమానం దిగే చోటుకు డీజీసీఏ అనుమతి కావాలి, జిల్లా యంత్రాంగం, రక్షణ శాఖ కూడా ఒప్పుకోవాలి. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్ విమానాల దారులున్నాయి, పైన హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలున్నాయి. మామూలుగా ఎగరబోయే ముందు ఫ్లైట్ ప్లాన్ ఇచ్చి, వైమానిక రక్షణ వాళ్ళ అనుమతి నంబరు ఏడీసీ, విమాన సమాచార కేంద్రం ఇచ్చే ఎఫ్‌ఐసీ నంబరు తీసుకోవాలి. కానీ మీ ప్రశ్న నాకు నచ్చింది. పన్నెండు ఎకరాలంటే సుమారు 48 వేల చదరపు మీటర్లు. పొడుగు చెక్క అయితే 800 మీటర్లు పొడవు, 60 మీటర్లు వెడల్పు వస్తుంది. చదరంగా ఉంటే మాత్రం ఏ వైపూ 220 మీటర్లు దాటదు, అది చాలదు. మీ చెక్క ఏ ఆకారంలో ఉంది, పొడుగు తూర్పు పడమరలా ఉందా, ఉత్తర దక్షిణాలా? మన దగ్గర వానాకాలమంతా గాలి పడమటి నుంచే వస్తుంది. సభ అయ్యాక ఆగండి, పటం ఉంటే తెప్పించండి, ఇద్దరం కూర్చుని చూద్దాం.